పరుగులో బంతులు జారిపోతున్నాయా? ముందు అడుగులు లెక్కపెట్టండి

విరాళాల కోసం జరిగే రోడ్డు పరుగుల్లో మూడు బంతులు ఎగరేస్తూ పరుగెత్తేవారి కోసం ఇది. నిలబడి మూడు బంతుల క్యాస్కేడ్‌లో (బంతులను ఒక చేతి నుంచి మరో చేతికి వంతులవారీగా ఎగరేసే మామూలు ఆట) నూరు పట్లు జారకుండా పట్టగలరనీ, బంతులు లేకుండా పది కిలోమీటర్లు పరుగెత్తగలరనీ అనుకుని రాస్తున్నాను. ఆ రెండింటిలో ఏది రాకపోయినా ముందు అది నేర్చుకుని రండి. రెండూ విడివిడిగా వచ్చి, కలిపితే చెడిపోతున్నవారికే ఇక్కడ పని.

నన్ను సలహా అడిగేవారిలో ఎక్కువమంది అప్పటికే బంతులు మార్చి, బూట్లు మార్చి, చేతికి తొడుగులు కూడా కొని ఉంటారు. "అడుగులు లెక్కపెట్టారా?" అని అడిగితే మాత్రం జవాబుండదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను అందరూ ఎందుకు దాటవేస్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పదిహేను సెకన్లలో ఎడమ పాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టండి. ఆ తర్వాతి పదిహేను సెకన్లలో కుడిచేతి విసుర్లు లెక్కపెట్టండి. రెండు అంకెలూ ఒకటే కావాలి. పరుగులో కుడిచేయి, ఎడమకాలు కలిసి ముందుకు వస్తాయి కనుక విసురు ఆ ఊపులోనే కలిసిపోవాలి. ఒక అడుగుకు ఒక విసురు, అంతే. అంకెలు కలవకపోతే కింద రెండో సమస్యకు నేరుగా వెళ్లండి, మిగతావి తర్వాత చదువుకోవచ్చు.

సమస్య: బంతులు ముందుకు పోతున్నాయి, వాటిని తరుముకుంటూ పరుగెత్తాల్సి వస్తోంది

కారణం భయం. పరుగెత్తుతున్నాం కాబట్టి బంతి వెనకబడిపోతుందేమోనని చేయి దానంతట అదే ముందుకు తోస్తుంది. నడుస్తున్న రైల్లో కూర్చుని తాళంచెవుల గుత్తి పైకి ఎగరేస్తే అది మళ్లీ మీ చేతిలోకే వస్తుంది కదా, ఇక్కడా అంతే. మీ వేగం బంతికి ముందే ఉంది, మీరు వేరుగా ఇవ్వనక్కర్లేదు. నిలబడి ఆడినట్టే మీ ఛాతీకి ఎదురుగా పైకి విసరండి. మోచేతులు పక్కటెముకలను వదిలి ముందుకు పోకుండా చూసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

గాలి లేని రోజున, గంటకు పది కిలోమీటర్ల వేగంలో, నూట ఇరవై గ్రాముల బంతి వెనక్కి జరిగేది ఒక వేలి వెడల్పే. దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. ఎదురుగాలి సంగతి వేరు. గంటకు ముప్ఫై కిలోమీటర్ల గాలి ఎదురైతే అదే బంతి దాదాపు జానెడు వెనక్కి వచ్చి ఛాతీకి తగులుతుంది. టొరంటోలో సరస్సు ఒడ్డున ఉన్న లేక్‌షోర్ రోడ్డు మీద పరుగెత్తినవారికి ఇది చెప్పనక్కర్లేదు. అలాంటి చోట మాత్రం కాస్త ముందుకు, వీలైనంత తక్కువ ఎత్తులో విసరాలి. తేలికపాటి బంతులు ఇంటి దగ్గరే ఉంచండి.

సమస్య: మొదట బాగానే ఉంటుంది, మూడు నాలుగు కిలోమీటర్ల తర్వాత బంతులు ఒకదానికొకటి తగులుతాయి, లేదా భుజాలు, మోకాళ్లు, పిక్కల ముందు ఎముకలు నొప్పి పెడతాయి

అసలు దొంగ ఇక్కడున్నాడు. నన్నూ చాలాకాలం తిప్పలు పెట్టాడు. లక్షణాలు చేతుల్లోనో మోకాళ్లలోనో కనబడతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కారణం మాత్రం ఒక్కటే: మీరు విసిరే ఎత్తుకూ మీ అడుగుల జోరుకూ (అంటే నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో దానికి) పొత్తు కుదరడం లేదు.

లెక్క చూడండి. నిమిషానికి 170 అడుగులు వేసేవారికి ఒక అడుగుకు 0.35 సెకను పడుతుంది. అడుగుకో విసురు చొప్పున మూడు బంతులు ఆడుతుంటే ప్రతి బంతికీ మళ్లీ వంతు వచ్చేది మూడు అడుగుల తర్వాత, అంటే సుమారు 1.05 సెకన్లకు. అందులో 0.45 సెకను చేతిలో ఉంటుందనుకుంటే గాలిలో ఉండేది 0.6 సెకను. అంతసేపు గాలిలో ఉండాలంటే బంతి సుమారు 45 సెంటీమీటర్లు, అంటే మూరెడు ఎత్తు లేవాలి. అడుగులు 180 అయితే 37 సెంటీమీటర్లు చాలు. అదే 150కి పడిపోతే 69 సెంటీమీటర్లు కావాలి, అంటే మూరన్నర. అడుగుల్లో తేడా ఆరో వంతు, ఎత్తులో తేడా దాదాపు రెండింతలు. ఎత్తు కాలంతో కాక, కాలం వర్గంతో పెరుగుతుంది కాబట్టి చిన్న మార్పు కూడా ఇంత పెద్ద దెబ్బ కొడుతుంది.

ఇప్పుడు మీరు గదిలో నిలబడి ఎలా నేర్చుకున్నారో గుర్తు చేసుకోండి. బొడ్డు దగ్గర విసిరి, కళ్ల ఎత్తుకో నుదుటి ఎత్తుకో లేపి ఆడారు. అది మూరన్నరకు దగ్గర ఎత్తు, నిమిషానికి 150కి అటూఇటూ అడుగులకు సరిపోయే ఎత్తు. ఆ అలవాటుతో రోడ్డు మీదికి వస్తే రెండింటిలో ఒకటి జరుగుతుంది. కాళ్లు చేతులకు లొంగితే అడుగులు నెమ్మదించి, వేగం నిలబెట్టుకోవడానికి ఒక్కో అడుగూ సాగుతుంది. పాదం శరీరానికి బాగా ముందు పడుతుంది, మోకాలికీ పిక్కల ముందు ఎముకకూ దెబ్బ తగులుతుంది. వీరు బూట్లను తిడతారు. కాళ్లు లొంగకపోతే చేతులు ఒక తాళం, కాళ్లు మరో తాళం. భుజాలు ఆ తేడాను సర్దలేక బిగుసుకుని కొంతసేపటికి చేతులెత్తేస్తాయి. వీరు బంతులను తిడతారు.

మరి మొదటి కిలోమీటర్లు ఎందుకు బాగుంటాయి? తాజాగా ఉన్నప్పుడు చేతులు ఆ తేడాను దొంగచాటుగా సర్దేస్తాయి. అలసట వచ్చాక కుదరదు. పైగా విరాళాల పరుగు మామూలు పోటీలా సాగదు. మొదట్లో గుంపు, మధ్యలో పిల్లలు చాచిన చేతులు, ఫొటోలు, నీళ్ల బల్లలు. ప్రతిసారీ అడుగుల జోరు మారుతుంది, చేతుల ఎత్తు మారదు. ఎత్తుపల్లాలు కూడా ఇదే పని చేస్తాయి. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కినవారికి కాళ్లు ఎలా బరువెక్కుతాయో తెలుసు.

చేతి గడియారం చూపే అడుగుల లెక్కను ఈ పరీక్షకు నమ్మవద్దు. అది చేతి కదలికను బట్టి అడుగులను అంచనా వేస్తుంది, మీ చేయి ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉంది. నోటితో లెక్కపెట్టండి.

ఇక మరమ్మతు. ముందు బంతులు లేకుండా, మాట్లాడుతూ పరుగెత్తగలిగే తీరిక వేగంలో మీ అడుగులు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లలో ఎడమ పాదం 21 సార్లు పడితే నిమిషానికి 168 అన్నమాట. ఫోనులో మెట్రోనోమ్‌ను (టిక్కు టిక్కుమంటూ తాళం వేసే యాప్) ఆ అంకెకు పెట్టి, కదలకుండా ఉన్నచోటే అడుగులు వేస్తూ బంతులు ఆడండి. విసుర్లు తాళంలో పడేదాకా ఎత్తు తగ్గించుకుంటూ రండి. బంతి గడ్డం దాటకూడదు. మొదట్లో చేతులు తొందరపడుతున్నట్టు, బంతులు మీద పడుతున్నట్టు ఉంటుంది. భయపడకండి, సరైన ఎత్తు అదే. అది ఒంటబట్టాకే రోడ్డెక్కండి.

"ముందు నడుస్తూ సాధన చేయండి" అనే సలహా అందరూ ఇస్తారు. నాకు దానిమీద గురి లేదు. నడకలో నిమిషానికి 110 అడుగులే. అడుగుకో విసురు వేయాలంటే బంతి మీ తలను బాగా దాటి లేవాలి. ఎవరూ అలా విసరరు కాబట్టి నడకలో నేర్చేది అడుగులతో సంబంధం లేని విసుర్లు. పరుగులో పనికిరాని అలవాటే అది. ఉన్నచోట పరుగు అడుగులు వేయడం నయం.

పరుగులో వేగం తగ్గించాల్సి వస్తే అడుగు పొడవు తగ్గించండి, అడుగుల జోరు మార్చకండి. ఎత్తు ఎక్కేటప్పుడూ ఇదే సూత్రం. గుంపులో నడవక తప్పకపోతే బంతులు చేతిలో పట్టుకుని నడవండి. మొదటి కిలోమీటరులో ఎలాగూ ఎగరేయకూడదు, మీ బంతి పక్కవారి కాలి కింద పడితే విరాళం కాస్తా వైద్యానికి పోతుంది.

గడ్డం ఎత్తు వల్ల మరో లాభం ఉంది. బంతుల మీదుగా రోడ్డు కనబడుతుంది. గుంతల్లో తడబడుతున్నామని చెప్పేవారు కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తే ముందు ఎత్తు తగ్గించి చూడండి.

తాళం కుదిరితే బంతులు వేగాన్ని పెద్దగా మింగవు. కెనడాకు చెందిన మైఖేల్ కాప్రాల్ 2007లో టొరంటోలో మూడు బంతులతో పూర్తి మారథాన్‌ను 2 గంటల 50 నిమిషాల 12 సెకన్లలో ముగించారు. కిలోమీటరుకు నాలుగు నిమిషాలే. బంతులు లేకుండానే ఆ వేగం అందుకోలేనివారు మనలో చాలామంది. అంతకు ముందు ఏడాది ఫిలడెల్ఫియాలో 2 గంటల 52 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తిన జాక్ వారెన్ అఫ్గాన్ పిల్లల సర్కస్ కోసం విరాళాలు సేకరించినవారే.

సమస్య: ఒకటి జారాక వెంటవెంటనే మరో రెండు జారుతున్నాయి

కారణం కంగారు. జనం చూస్తున్నారని బంతి తీసుకున్న మరుక్షణమే ఎగరేస్తారు, కాళ్లు ఇంకా నిలకడకు రాలేదు. చేయెత్తి వెనకవారికి సైగ చేసి, రోడ్డు అంచుకు జరిగి, బంతి తీసుకోండి. ఉన్నచోటే పది అడుగులు మీ జోరులో వేసి, తాళం దొరికాక మొదలుపెట్టండి. రికార్డు ప్రయత్నాల్లో బంతి జారినచోటికి తిరిగి వచ్చే మళ్లీ ఆడుతూ కదలాలన్నది నియమం. సరదా పరుగులోనూ అదే మర్యాద. కానీ ఎదురుగా వచ్చే గుంపులోకి గిరుక్కున తిరగకండి.

మిగిలినవి త్వరగా. చలి ఉదయం వేళ్లు మొద్దుబారితే పలుచటి తొడుగులు, మొదటి పావుగంట బంతులు జేబులో. వాన పడితే గింజలు నింపిన బంతులు నీరు పీల్చి బరువెక్కుతాయి, సంచిలో మరిచిపోతే మొలకలు కూడా రావచ్చు. ప్లాస్టిక్ గుళికలు నింపినవి కొనండి. దొర్లే గుండ్రటి బంతులు రోడ్డుకు పనికిరావు, పడినచోటే కూలబడే మెత్తటి సంచి బంతులే కావాలి. ఎండ కళ్లలో పడితే టోపీ. చెమటకు నడుముకు చిన్న తువాలు. ఎడమచేతి వాటం వల్ల జారుతున్నాయన్నవారిని నేను చూశాను గానీ, అది కారణమైనవారిని చూడలేదు. పరుగులో చేతిలో వస్తువులు అనుమతిస్తారో లేదో నిర్వాహకులను పేరు నమోదుకు ముందే అడగండి.