ఛాసిస్‌కు ప్లేటు వేసినా మళ్లీ పగులుతోందా? సమస్య - పరిష్కారం

కొండదారుల్లో తిరిగే జీపు ఛాసిస్ పగిలితే చాలా షెడ్లలో జరిగేది ఒకటే. చేతికందిన ప్లేటు ముక్క కోసి, పగులు మీద పెట్టి, చుట్టూ వెల్డింగ్ రాడ్డు తిప్పి, నల్ల పెయింటు కొట్టి బండిని పంపేస్తారు. కొన్నాళ్లకు చూస్తే ప్లేటు చెక్కుచెదరదు, దాని పక్కన ఛాసిస్ పగిలి ఉంటుంది. అప్పుడు నింద ఇనుము మీదికి వెళ్తుంది. నిజానికి ఇనుము తప్పు చాలా అరుదు. నిచ్చెన ఛాసిస్ (రెండు పొడవాటి కమ్మీలు, మధ్య అడ్డకమ్మీలు) అనేది గుంతల్లో కొంచెం మెలితిరిగేలాగే తయారవుతుంది. ఒకచోట మందపాటి ప్లేటు అతికిస్తే అక్కడ మెలిక ఆగిపోతుంది. ఆ భారమంతా ప్లేటు ఎక్కడ ముగిసిందో ఆ గీత మీద పడుతుంది.

ఇక్కడ చెప్పేది పాత జీపులు, జిప్సీల వంటి మామూలు స్టీలు నిచ్చెన ఛాసిస్‌ల గురించి. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన లారీ ఛాసిస్‌లకు, విడిగా ఛాసిస్ లేని మోనోకాక్ బండ్లకు ఇది వర్తించదు. వాటికి కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటేనే వెల్డింగ్ జోలికి వెళ్లాలి.

సమస్య: ప్లేటు అంచు పక్కన నిలువుగా కొత్త పగులు

కారణాలు సాధారణంగా మూడూ కలిసే ఉంటాయి. ప్లేటు ఛాసిస్ కంటే బాగా మందం. కొసలు చతురస్రంగా కోసి ఉంటాయి. ఆ కొస మీద పైనుంచి కిందికి నిలువుగా వెల్డు వేసి ఉంటుంది. వెల్డు పక్కనున్న స్టీలు వేడికి గుణం మారుతుంది, బీడ్ (వెల్డు గట్టు) అంచున చిన్న గాడి కూడా ఉంటుంది. మెలిక వచ్చి సరిగ్గా అదే గీత మీద పడితే ఛాసిస్ అక్కడ చీలకుండా ఎలా ఉంటుంది?

పరిష్కారం: ప్లేటు మందం ఛాసిస్ మందమంతే ఉండాలి, మించకూడదు. పాత జీపులకు చాలావరకు 3 మి.మీ. సరిపోతుంది. కాలిపర్‌తో కొలిచి నిర్ణయించండి, కంటితో కాదు. కొసలను రెండువైపులా ఏటవాలుగా, పడవ ముక్కులా కోసి, మొనలను గుండ్రం చేయండి. అప్పుడు ఛాసిస్ ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా గట్టిపడుతుంది. పగులుకు అటూ ఇటూ కనీసం ఛానెల్ (ఛాసిస్ పొడవాటి కమ్మీ) ఎత్తంత పొడవు ప్లేటు సాగాలి. రెండు పక్కలా ప్లేట్లు వేస్తే వాటి కొసలు ఒకే గీత మీద ముగియకూడదు, ఒకటి ముందు, ఒకటి వెనక.

ఛానెల్ పై అంచు, కింది అంచు మీద వంపు ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ. నిలువు ముఖం మధ్యలో తక్కువ. కాబట్టి అంచుల మూలల మీద రాడ్డు పెట్టకండి, అక్కడ రంధ్రాలూ వేయకండి. ప్లేటు మధ్యభాగం ఛాసిస్‌కు అంటుకోవాలంటే ప్లేటులో 10-12 మి.మీ. రంధ్రాలు చేసి, వాటిలోంచి వెల్డు నింపండి. చుట్టూ లావుపాటి బీడ్ వేసే కంటే ఇదే బలం.

సమస్య: పాత పగులే ప్లేటు కిందనుంచి బయటికి వచ్చింది

పగులును ఆపకుండా కప్పేశారు, అంతే. కంటికి కనిపించే చోట పగులు ముగియదు, దాని కొస ఇంకా ముందుంటుంది. పెయింటు, తుప్పు తీసేసి మెరిసేదాకా శుభ్రం చేసి, డీపీ (డై పెనెట్రెంట్) టెస్ట్ కిట్, అంటే పగుల్లోకి ఇంకే రంగుతో చేసే పరీక్ష, వాడండి. హార్డ్‌వేర్ షాపుల్లో మూడు స్ప్రే డబ్బాలుగా దొరుకుతుంది. ఎర్ర రంగు కొట్టి, డబ్బా మీద రాసినంతసేపు ఆగండి. క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టుకొని తుడవండి, నేరుగా ఛాసిస్ మీద కొడితే పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది. తరువాత తెల్లపొడి స్ప్రే. కాసేపటికి ఆ తెలుపులోంచి వెంట్రుకంత ఎర్రగీత ఊరుతూ పైకి వస్తుంది. మీరు అనుకున్న చోటు దాటి అది ఎంత ముందుకు పోయిందో అప్పుడు తెలుస్తుంది.

ఆ గీత కొసను కలుపుతూ 5-6 మి.మీ. రంధ్రం వేయండి. పగులు పొడవునా గ్రైండర్‌తో వి ఆకారపు గాడి తీసి, అవతలి వైపుకి దిగేలా వెల్డు చేయండి. రంధ్రాన్ని కూడా నింపి, పైన సమం అయ్యేలా గ్రైండ్ చేయండి. గ్రైండింగ్ గీతలు ఛాసిస్ పొడవునా ఉండాలి. అడ్డంగా ఉంటే ప్రతి గీతా కొత్త పగులుకు మొదలవుతుంది. మళ్లీ డీపీ టెస్ట్ చేసి, ఎర్రగీత రాకపోతేనే ప్లేటు. ఈ మెట్టును వదిలేసే వెల్డర్‌కు పని ఇవ్వకండి.

సమస్య: ఎన్నిసార్లు వేసినా అదే చోట పగులుతోంది

ఇక్కడ వెల్డింగ్‌ను కాసేపు పక్కన పెట్టండి. ఛాసిస్‌ను అక్కడ ఏదో కొడుతోంది. కమాన్ కట్టలను ఛాసిస్‌కు పట్టే హ్యాంగర్ దగ్గరైతే బుష్షులు, షాకిల్ (కమాను కొసను ఊగనిచ్చే లింకు) పిన్నులు చూడండి. తుప్పుపట్టి బిగుసుకుపోయిన షాకిల్ ఊగదు, కమాను సాగాల్సిన ప్రతిసారీ హ్యాంగర్‌ను పీకుతుంది. యాక్సిల్ దెబ్బను ఆపే బంప్ స్టాప్ రబ్బరు ఊడిపోయి యాక్సిల్ నేరుగా ఛాసిస్‌ను తన్నే బండ్లు కూడా తక్కువేం కాదు. పాడేరు, చింతపల్లి వైపు ఘాట్లలో నిండా జనంతో, పైన మూటలతో నడిచే జీపులైతే భారం సంగతి కూడా ఆలోచించాలి.

స్టీరింగ్ బాక్స్ దగ్గరైతే ఒక పరీక్ష ఉంది. బండి చదునైన నేల మీద ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఒకరు స్టీరింగ్‌ను గట్టిగా అటూ ఇటూ తిప్పండి. ఇంకొకరు బాక్స్ బిగించిన చోట వేలు పెట్టి చూడండి. బాక్స్, ఛాసిస్ మధ్య కదలిక ఉంటే బోల్టులు వదులు. ఛాసిస్ రేకే లోపలికీ బయటికీ ఊగుతుంటే అక్కడ బలం చాలదు. పెద్ద టైర్లు వేసిన బండ్లకు ఇది మరీ ఎక్కువ. బాక్స్ ఆకారపు ఛాసిస్‌లో బోల్టు గట్టిగా బిగిస్తే రేకు నొక్కుకుపోయి మళ్లీ వదులవుతుంది. బోల్టు పోయే దారిలో స్టీలు గొట్టం దూర్చి, రెండు వైపులా రేకుకు వెల్డు చేయాలి. ఆ పైన ప్లేటు వేసి, బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించాలి.

సమస్య: వెల్డే బాగాలేదు

బీడ్ నిండా పిన్‌హోల్స్ ఉంటే తుప్పు, పెయింటు, నూనె మిగిలాయని అర్థం, లేదా రాడ్డు చెమ్మపట్టింది. మిగ్‌తో (గ్యాస్ వదులుతూ చేసే వైరు వెల్డింగ్‌తో) ఆరుబయట చేస్తే గాలికి గ్యాస్ కొట్టుకుపోయి కూడా ఇలాగే వస్తుంది. బీడ్ తాడులా పైన కూర్చుంటే యాంప్స్ (కరెంటు) చాలలేదు. అందంగా కనిపించినా లోపలికి దిగని వెల్డు అది, గ్రైండ్ చేసి మళ్లీ వేయాల్సిందే. బీడ్ పక్కన గాడి పడితే, అంటే అండర్‌కట్ అయితే, యాంప్స్ ఎక్కువ లేదా ఆర్క్ పొడవు (రాడ్డు కొసకూ ఇనుముకూ మధ్య దూరం) ఎక్కువ.

రాడ్డు విషయంలో నా మాట: ఛాసిస్ పనికి 7018 నంబరు రాడ్డు. 6013 గేట్లకు, గ్రిల్స్‌కు బాగుంటుంది. 3 మి.మీ. ఛాసిస్‌కు 2.5 మి.మీ. రాడ్డు, సుమారు 70 నుంచి 100 యాంప్స్, డీసీ పాజిటివ్ (రాడ్డుకు పాజిటివ్). పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ మీద 7018 తరచూ అంటుకుంటుంది, ఆ షెడ్డులో ఈ పని వద్దు. ప్యాకెట్ విప్పి వానాకాలమంతా అల్మారాలో పడేసిన రాడ్లు వాడితే వెల్డులోకి హైడ్రోజన్ చేరి, కొన్ని గంటల తరువాత పగులు రావచ్చు. వాటిని ఓవెన్‌లో ఆరబెట్టాలి, సాధారణంగా 300 డిగ్రీల పైన గంటసేపు. వెల్డు మీద నీళ్లు పోసి చల్లార్చడం మాత్రం ఎవరు చేసినా ఆపండి.

సమస్య: పని అయ్యాక బండి ఒక పక్కకు లాగుతోంది

వేడికి ఛాసిస్ వంగింది. మొదలుపెట్టే ముందే ముందు హ్యాంగర్ బోల్టు నుంచి అవతలి వైపు వెనక హ్యాంగర్ బోల్టుకు, రెండు మూలలా టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. ఛాసిస్‌ను జాకీతో ఒకేచోట ఎత్తి వేలాడదీయకండి, బరువు సమంగా పడేలా స్టాండ్లు పెట్టండి. 25-40 మి.మీ. ముక్కలుగా, చోట్లు మారుస్తూ, మధ్యలో చల్లారనిస్తూ వేయండి.

వెల్డింగ్ తరువాత చక్రాల బేరింగులు మోత పెడితే, ఎర్త్ క్లాంప్‌ను దూరంగా పెట్టడం వల్ల కరెంటు బేరింగుల గుండా పోయిందేమో చూడండి. క్లాంప్ వెల్డు పక్కనే, మెరిసేలా గీకిన చోట పెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఉంటే దాని ప్లగ్గులు కూడా.

డీజిల్ ట్యాంకు, ఇంధనం పైపులు, బ్రేకు పైపులు, వైర్లు ఆ చోటునుంచి తీయకుండా రాడ్డు వెలిగించొద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట వెల్డు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. ఇక ఛాసిస్ నంబర్ కొట్టిన చోట ప్లేటు వేయకండి, గ్రైండర్ తగలనివ్వకండి. ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చే మార్పును మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.

చివరగా తుప్పు. ప్లేటుకూ ఛాసిస్‌కూ మధ్య నీళ్లు నిలిస్తే రెండిటినీ తుప్పు లోపలినుంచి తినేస్తుంది. బిగించే ముందు వెల్డింగ్ ప్రైమర్, తరువాత అంచుల్లో సీలెంట్, బాక్స్ ఆకారపు ఛాసిస్ లోపలికి వ్యాక్స్. ప్లేటు కొసల మీద మాత్రం మొదటి రెండు మూడు నెలలు లావుపాటి నల్ల కోటింగ్ వద్దు, పలుచని లేతరంగు ప్రైమర్ చాలు. పగులు మొదలైతే దాని మీద సన్నటి తుప్పుగీతగా ముందే కనిపిస్తుంది.