అప్‌డేట్‌ను తిట్టే ముందు షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి చూడండి

మిర్యాలగూడ, దేవరకొండ వైపు మీసేవకు పోయినా, నెట్ సెంటర్‌కు పోయినా ఈ మాట వినిపిస్తుంది: "అప్‌డేట్ కొట్టినంక క్రోమ్ బ్రౌజర్ సతాయిస్తుందన్నా." కొత్త రూపం కొందరికి నచ్చుతుంది, కొందరికి పాతదే ముద్దు. ఆ పంచాయితీ వదిలేసి స్పీడ్ సంగతి చూద్దాం.

విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ తింటుందో అందులో కనబడుతుంది. మెమరీ అన్న శీర్షిక మీద నొక్కితే పెద్దవన్నీ పైకొస్తాయి. చాలాసార్లు దొంగ అప్‌డేట్ కాదు, ఎప్పుడో వేసి మరిచిపోయిన ఏ కూపన్ల ఎక్స్‌టెన్షనో అయి ఉంటుంది. తీసేయండి.

4 జీబీ ర్యామ్ వాళ్లు సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్‌కు వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేసుకోండి. వాడని ట్యాబ్‌లను అది పక్కన పెడుతుంది, మళ్లీ నొక్కితే పేజీ కొత్తగా లోడ్ అవుతుంది. ఆ రీలోడే చిరాకు అనిపిస్తే, రోజంతా తెరిచి ఉంచే భూముల రికార్డుల భూభారతి లాంటి సైట్లను అక్కడే ఉన్న మినహాయింపుల జాబితాలో చేర్చండి.

విండోస్ 7 వాళ్లకు మాత్రం క్రోమ్ 109 వెర్షన్‌తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి.