బీచ్‌లో మ్యూజిక్ ఫెస్టివల్‌కి బయల్దేరే ముందు

ముందురోజు రాత్రే ఫోనూ పవర్ బ్యాంకూ ఫుల్ ఛార్జింగ్ పెట్టేయండి. పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉన్నా ఫోన్‌కి చేరేది దాదాపు 6,000 మాత్రమే. మిగతాది వోల్టేజీ మార్పులో, వేడిలో పోతుంది. అంటే 5,000 బ్యాటరీ ఉన్న ఫోన్ ఒక్కసారి నిండుతుంది, ఇద్దరికి చాలదు. కేబుల్ పనిచేస్తోందో లేదో ఇంట్లోనే గుచ్చి చూసుకోండి.

విశాఖలో ఆర్కే బీచ్ అయినా, రుషికొండ అయినా ఇసుకతోనూ ఉప్పుగాలితోనూ జాగ్రత్త. ఛార్జింగ్ పాయింట్‌లో నాలుగు ఇసుక రేణువులు ఇరుక్కుంటే చాలు, పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. ఫోనూ పవర్ బ్యాంకూ జిప్ కవర్లో పెట్టుకోండి, ఛార్జ్ చేసేటప్పుడు మాత్రం బయటికి తీయండి, లేకపోతే వేడెక్కుతుంది. తడి చేత్తో కేబుల్ ముట్టుకోవద్దు. ఎండలో ఆపిన బండి డిక్కీలో పవర్ బ్యాంకు వదిలేయడం వద్దే వద్దు. లిథియం బ్యాటరీకి వేడి నిజంగా ప్రమాదం.

జనం కిక్కిరిస్తే సిగ్నల్ కోసం వెతుక్కుంటూనే ఫోన్ ఛార్జింగ్ తాగేస్తుంది. పాట వింటున్నంతసేపూ ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, వీడియోలు ఇంటికెళ్లాక పంపుకోవచ్చు. టికెట్ స్క్రీన్‌షాట్ ముందే తీసుకోండి. ఆర్కే బీచ్‌లో అయితే, తప్పిపోతే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కలుద్దామని అందరికీ చెప్పి ఉంచండి.

బ్యాగు చిన్నది చాలు. నీళ్ల సీసా వేరే అరలో. ఫోన్ ఆగితే యూపీఐ కూడా ఆగినట్టే కాబట్టి ఆటోకి చిల్లర నోట్లు, కాగితం మీద ఇంట్లోవాళ్ల నంబరు తప్పకుండా ఉండాలి.