పద్యనాటకం కట్టాలంటే ముందు హార్మోనిస్టు, తర్వాతే కృష్ణుడు

నలుగురు ఉద్యోగులు, ఇద్దరు మాస్టర్లు కలిసి పద్యనాటకం వేద్దామనుకుంటే మొదటి రోజే మొదలయ్యే తగాదా ఒకటుంది. కృష్ణుడి వేషం ఎవరిది? విజయనగరంలో మా బృందం ఆ ఒక్క ప్రశ్న మీద మూడు వారాలు పోగొట్టుకుంది. చివరికి కృష్ణుడు తేలాడు. హార్మోనియం వాయించే మనిషి లేడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ అనుభవంతోనే పనుల వరసను తిరగేసి చెబుతున్నాను.

1. నాటకాన్ని ఎంచుకోండి, హక్కులు చూసుకోండి

కొత్త బృందానికి నా ఓటు శ్రీకృష్ణ రాయబారానికే. కథ జనానికి తెలిసిందే కాబట్టి, ఒక రంగం తీసేసినా ఎవరూ దారి తప్పరు. ఆడవేషాలు తక్కువ. ఇప్పుడు రంగస్థలం మీద వినిపించే రాయబారం పద్యాల్లో ఎక్కువ భాగం తిరుపతి వేంకట కవులవి. జంటగా రాసిన రచనకు హక్కుల గడువును ఇద్దరిలో చివర మరణించినవారి నుంచి లెక్కిస్తారు. ఆ జంటలో చివర వెళ్లిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో మరణించారు. మన చట్టంలో గడువు 60 ఏళ్లు గనుక 2010 చివరితో అది తీరిపోయింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇటీవలి రచయితల నాటకమైతే మాత్రం రచయిత నుంచో, వారసుల నుంచో అనుమతిని కాగితం మీద తీసుకోండి. ఫోనులో ‘వేసుకోండి బాబూ’ అన్న మాట ప్రదర్శన నాటికి గుర్తుండకపోవచ్చు.

2. గడియారం పెట్టుకుని కోత కోయండి

మన పెద్దలు రాత్రి పదింటికి తెర తీసి, కోడి కూసేదాకా ఆడేవారు. ఇప్పుడు ఆరుబయట మైకు పెడితే రాత్రి 10 తర్వాత ఆపేయాలి. ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండుగ రోజుల్లో ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. కాబట్టి ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించేలా నాటకాన్ని కుదించుకోవాలి.

లెక్క తేలికే. ఆలాపనతో కలిపి పద్యానికి మూడు నిమిషాలు వేసుకోండి. నలభై పద్యాలంటే రెండు గంటలు అక్కడే అయిపోతాయి. మిగిలిన అరగంటలో సంభాషణలు, తెరలు మార్చడం, సన్మానాలు అన్నీ ఇమడాలి. (సన్మానాలను నాటకం మధ్యలో పెట్టకండి. దుర్యోధనుడు మీసం పట్టుకుని ఇరవై నిమిషాలు తెర వెనుక నిలబడితే వేడి చల్లారిపోతుంది.) పడకసీను (పడుకున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చే రంగం), పాండవులున్న ఉపప్లావ్యంలో ద్రౌపది రంగం, కౌరవ సభ — ఈ మూడూ ఉంచండి. మిగతావి ధైర్యంగా కోసేయండి.

3. హార్మోనిస్టును వెతకండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షులు. ఘంటసాల చదివింది అక్కడే. అందుకని మా ఊళ్లో సంగీతం తెలిసినవారికి లోటు లేదు. అయినా కృతి చక్కగా వాయించే ప్రతివారూ పద్యానికి వాయించలేరు. పద్యానికి తాళం ఉండదు. నటుడు ఎక్కడ ఆగుతాడో, ఏ మాట దగ్గర రాగం సాగదీస్తాడో ముందే పసిగట్టి, అతని వెంట నీడలా నడవాలి. తబలా కూడా పద్యం నడిచినంతసేపూ ఓపిక పట్టి, ముగింపులో అందుకోవాలి. పాత నాటకాలకు వాయించిన పెద్దలు బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఇంకా దొరుకుతారు. వారి ఊరికి వెళ్లి, తాంబూలంలో బయానా పెట్టి పిలవండి. మేమైతే మా హార్మోనిస్టును ‘గురువుగారూ’ అనే పిలుస్తాం. వేషాల పంపకం కూడా ఆయన చెవికే వదిలేశాం, తగాదా తీరింది.

4. ఎవరి శ్రుతి వారికి రాసిపెట్టండి

ప్రతి నటుడూ గురువుగారి ముందు ఒక పద్యం మూడు శ్రుతుల్లో పాడాలి. ఏ శ్రుతిలో పై స్థాయి అందుతూ, కింద మాట కూడా స్పష్టంగా వినిపిస్తుందో అదే అతని శ్రుతి. దాన్ని అతని పోర్షన్ కాగితం మీద ఎర్ర సిరాతో రాయండి. ఇక మార్చడానికి వీల్లేదు. మా మొదటి ప్రదర్శనలో దుర్యోధనుడు నాలుగు శ్రుతిలో రెండు నెలలు సాధన చేసి, ముందు వరసలో బావమరిది కనబడేసరికి ఇంకా పై శ్రుతి, ఐదున్నర అడిగాడు. రెండో పద్యానికే గొంతు బొంగురుపోయింది. సభారంగంలో ఆయన ఆగ్రహం మొత్తం సైగలతోనే సాగింది.

5. రాగం కంటే ముందు మాట

కొత్తవారు సాధారణంగా పాత రికార్డు విని రాగం పట్టుకుంటారు, ఆ తర్వాత మాటలు అతికిస్తారు. దీనికి నేను పూర్తిగా వ్యతిరేకం. ముందు పద్యానికి ప్రతిపదార్థం రాయించండి. తర్వాత దాన్ని రాగం లేకుండా, ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు చదివించండి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. చంపకమాలకు 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం. యతి దగ్గర ఊపిరి తీసుకోవాలని చాలామంది అనుకుంటారు. అక్కడ ఒక మాట సగంలో ఉండవచ్చు. పాదం చివర కూడా అంతే, మాట తర్వాతి పాదంలోకి దూకుతుంది. అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. ఊపిరి తీసేది ఆ గీత దగ్గరే. కృష్ణ పాత్రకు పేరుమోసిన పీసపాటి నరసింహమూర్తి మన ఉత్తరాంధ్రవారే. ఆయన పాడినవి దొరికితే రాగం కోసం కాకుండా విరుపు కోసం వినండి.

పలుకు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ‘ధర్మం’ దర్మమైతే, ‘శాంతి’ సాంతి అయితే క్షమించే ప్రేక్షకులు కాదు మనవారు. 1892లో కన్యాశుల్కం తొలిసారి ఆడింది ఈ ఊళ్లోనే. వెనక వరసలో కూర్చున్న తాతగారికి మీ పద్యం మీకంటే బాగా వచ్చి ఉండవచ్చు. ఒత్తులు పలకడానికి రోజూ పది నిమిషాలు కేటాయించండి.

6. వేషాలు, రిహార్సల్స్

కృష్ణుడు ఒక్కడే ఉండాలన్న నియమం లేదు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు వేయడం పాత అలవాటే. గొంతులు నిలుస్తాయి, అలకలు కూడా తగ్గుతాయి. ద్రౌపదికి వృత్తి నటిని పిలిస్తే పారితోషికం ముందే మాట్లాడుకోండి. వేషం వేసుకోవడానికి వేరే గది, ఆట అయ్యాక ఇంటికి చేర్చడానికి కారు, తోడు మీ బాధ్యత.

రిహార్సల్స్‌కు మూడు నెలలు కావాలి. వారానికి నాలుగు సాయంత్రాలు చాలు. చివరి పదిహేను రోజులు పుస్తకం ముట్టుకోకూడదు. ప్రాంప్టర్‌ను కూడా ఈ రోజుల్లోనే కూర్చోబెట్టండి. నటుడు ఆలోచిస్తున్నాడా, మరిచిపోయాడా అన్నది ఆయనకు తెలియాలి.

7. హాలు, తెరలు, మైకులు

విజయనగరంలో ఆనందగజపతి ఆడిటోరియం, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ వంటివి ముందే మాట్లాడుకోవాలి. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ వారం విజయనగరంలో తేదీ పెట్టుకుంటే జనమంతా జాతరలో ఉంటారు.

దర్బారు తెర, వీధి తెర, తోట తెర ఉంటే సరిపోతుంది. కిరీటాలు, భుజకీర్తులు, గదలు అద్దెకు తెచ్చుకోవచ్చు. ఒక రోజు ముందే తెచ్చి తలకు పెట్టి చూడండి. వదులైన కిరీటంతో భీముడు తల ఊపలేడు. చొక్కాకు తగిలించే మైకుల జోలికి వెళ్లకండి, భుజకీర్తి రాసుకుని గరగర వస్తుంది. స్టేజీ ముందు వేలాడే మైకులు మూడు, హార్మోనియానికి ఒకటి, తబలాకు ఒకటి చాలు. హార్మోనిస్టును నటుడి పెదవులు కనిపించేలా కూర్చోబెట్టండి.

8. ప్రదర్శన రోజు

మేకప్ మధ్యాహ్నం మూడింటికే మొదలవ్వాలి. ఒక్కో వేషానికి ముప్పావుగంట పడుతుంది, మేకప్ చేసేది ఒకరే. గడ్డాలు, మీసాలు చివర అంటించాలి, ఆ తర్వాత టీ తాగడానికి స్ట్రా ఇవ్వండి. కొబ్బరికాయ కొట్టి, అందరూ కలిసి ప్రార్థన పాడి తెర తీయండి.

వన్స్‌మోర్ కేకలు వస్తే మనిషికి ఒక్కసారే ఒప్పుకోవాలని ముందే కట్టడి చేసుకోండి. మాకు ఆ కట్టడి లేక, అర్జునుడు ఒకే పద్యం నాలుగుసార్లు పాడాడు. ఆ మూడో కేక వేసింది వాళ్ల ఆఫీసు అటెండరేనని తర్వాత తెలిసింది.

9. మర్నాడు

రంగు తీయడానికి కొబ్బరినూనె, పాత పంచె ముక్కలు సిద్ధంగా ఉంచండి. అద్దె సామాను జాబితా చేతపట్టుకుని రాత్రే లెక్క సరిచూడండి. పొద్దున్నే లెక్కపెడితే ఒక నెమలి పింఛం తగ్గుతుంది. అది కృష్ణుడి వేషం వేసినాయన చిన్నకొడుకు స్కూలు సంచిలో ఉంటుంది.