బెదురు జింకను పిలవాలంటే తక్కువ కూత చాలు

తెల్లతోక జింకల వేటలో గ్రంట్ కాల్ (జింక గురకలా శబ్దం చేసే ఊదుడు గొట్టం) వాడేవారికి ఒక మాట. జింక మీ వైపు చూస్తున్నప్పుడు గానీ, మీ వైపే నడిచి వస్తున్నప్పుడు గానీ ఊదకండి. శబ్దం ఏ చెట్టు దగ్గర నుంచి వచ్చిందో అది ఇట్టే పసిగడుతుంది. అక్కడ మరో జింక కనబడకపోతే అనుమానం మొదలైనట్టే. తల తిప్పుకుని దూరంగా పోతున్నప్పుడు మెల్లగా ఒకటి రెండు గురకలు చాలు. వినబడితే ఆగుతుంది, కనీసం చెవి ఇటు తిప్పుతుంది. ఆ తర్వాత నోరు మూసుకోవడమే అసలు కష్టం!

గాలి సంగతి ఇంకా ముఖ్యం. ముదురు మగ జింక తరచుగా నేరుగా రాదు, చుట్టూ తిరిగి గాలివాలుకు చేరి వాసన చూస్తుంది. కాబట్టి మీ వాసన సాగే వైపు చెరువో, నిటారు గట్టో, అది దాటడానికి జంకే బయలో ఉండేలా కూర్చోండి. ముందు కాస్త పొద ఉంటే మేలు, కూత పెట్టిన జింకను వెతుక్కుంటూ దగ్గరకు రాక తప్పదు.

మగ జింకలు పోట్లాడుతున్నట్టు వినిపించేలా రెండు కొమ్ములు రాపాడించే చప్పుడు ఎద కాలానికి కాస్త ముందు బాగా పనిచేస్తుంది. వేటగాళ్ల సందడి ఎక్కువైన అడవిలో మాత్రం నేను ఆ కొమ్ములను సంచిలోంచి తీయను.