ఫాలోయింగ్ లిస్ట్ ఒకసారి తిరగేయండి

మొన్నామధ్య తీరిగ్గా కూర్చుని ఇన్‌స్టాగ్రామ్‌లో నా ఫాలోయింగ్ లిస్ట్ మొత్తం కిందిదాకా చూశాను. సగం అకౌంట్లు ఎప్పుడు ఫాలో అయ్యానో కూడా గుర్తులేదు. ఎప్పుడో ఇల్లు సర్దుకుందామని ఫాలో అయిన ఒక ఇంటీరియర్ అకౌంట్ చూసినప్పుడల్లా నా గది నాకే నచ్చకుండా పోతోందని అప్పుడు గానీ తట్టలేదు. గదిలో ఏ మార్పూ లేదు, రోజూ దాని పక్కన పెట్టి చూసుకునే బొమ్మే మారింది.

మీరూ ఇలా చేసి చూడండి. వారం రోజులు, ఫోన్ పక్కన పెట్టగానే ఆఖరున చూసిన అకౌంట్ పేరు, అప్పుడు మనసెలా ఉందో ఒక్క మాటలో రాసుకోండి: కోపం, కుళ్లు, హుషారు, ఏదైనా సరే. అదే పేరు పక్కన అదే చిరాకు మూడుసార్లు కనిపిస్తే అన్‌ఫాలో చేసేయండి. చుట్టాలో స్నేహితులో అయితే వాళ్ల పోస్టులు కనిపించకుండా మ్యూట్ చేస్తే చాలు, వాళ్లకు తెలియదు, మాట పట్టింపూ రాదు.

ఇంకో సంగతి. ఇన్‌స్టాగ్రామ్‌లో 2016 నుంచి పోస్టులు పెట్టిన వరుసలో రావు, మీకు నచ్చుతాయని యాప్ అనుకున్నవే ముందుకొస్తాయి. తిట్టుకుంటూ కామెంట్ పెట్టినా దానికి అది ఆసక్తిగానే కనిపించవచ్చు. 2022లో తెచ్చిన ‘ఫాలోయింగ్’ ఫీడ్‌లోకి వెళ్తే మీరు ఎంచుకున్నవాళ్ల పోస్టులే, కొత్తవి ముందుగా కనిపిస్తాయి.

అలాగని మీ అభిప్రాయంతో కలవని వాళ్లందరినీ ఏరి పారేయకండి. మర్యాదగా, కారణం చెప్పి విభేదించే ఇద్దరు ముగ్గురిని ఉంచుకోండి. నేనైతే అలాంటి వాళ్లను వెతికి మరీ ఫాలో అయ్యాను.