వైర్లు సర్దాక స్పీకర్లలో రొద మొదలైందా? ఇక్కడ వెతకండి

హోమ్ స్టూడియోలో వైర్లు చిందరవందరగా పడి ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ ఉండదు. ఓపిక చేసుకుని అన్నిటినీ కట్టలు కట్టి, టేబుల్ వెనక్కి తోసి, స్పీకర్లు ఆన్ చేయగానే గుయ్‌మని మొదలవుతుంది. చాలామంది వెంటనే ఇంటర్‌ఫేస్ (మైకునీ స్పీకర్లనీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పాడైందనుకుంటారు, లేదంటే కొత్త చార్జర్ కొంటారు. డబ్బు ఖర్చు పెట్టే ముందు రెండు నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. ఎన్నిసార్లు చెప్పినా దాన్ని దాటేసి, "అన్నీ చూశానండీ" అంటారు. అందుకే దాన్నే ముందు చెబుతున్నాను.

అసలు రొద ఎక్కడుంది?

హెడ్‌ఫోన్స్ నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పెట్టుకోండి. మైకు, గిటారు ఎలా ఉన్నవి అలాగే ఉంచి, ఏమీ పాడకుండా, వాయించకుండా అర నిమిషం రికార్డ్ చేసి వినండి.

రికార్డింగ్‌లోనే రొద ఉంటే తప్పు మైకు, గిటారు, వాటి కేబుళ్ల వైపు ఉంది. రికార్డింగ్ శుభ్రంగా ఉండి, హెడ్‌ఫోన్స్‌లోనూ ఏమీ లేక, స్పీకర్లలో మాత్రమే వినిపిస్తుంటే మైకు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చోవడం దండగ. తప్పు ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌కీ స్పీకర్లకీ మధ్యే ఉంది. అప్పుడు స్పీకర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, దాని వెనకున్న ఆడియో కేబుల్ పీకి, మళ్లీ వాల్యూమ్ పెంచండి. కేబుల్ లేకపోయినా సన్నగా 'స్‌స్' అని వస్తే అది ఆ స్పీకర్ సొంత శబ్దం. లోపలే యాంప్లిఫయర్ ఉండే పవర్డ్ స్పీకర్లన్నిటిలోనూ అది కొంత ఉంటుంది, వదిలేయండి.

రికార్డింగ్‌లో ఆగకుండా గుయ్‌మంటోంది

కరెంటు వైర్లనీ మైకు కేబుళ్లనీ కలిపి ఒకే కట్టగా కట్టేశారా? సర్దిన తర్వాత రికార్డింగ్‌లోకి వచ్చే హమ్ (ఆ గుయ్‌మనే రొద) చాలావరకు ఇదే. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట 50, 100లోనూ, 60 హెర్ట్జ్ ఉన్న చోట 60, 120లోనూ వినిపిస్తుంది. ఈక్వలైజర్‌లో ఆ చోట నిట్టనిలువుగా గీత కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

కట్ట విప్పి కరెంటు వైర్లు ఒక పక్క, ఆడియో కేబుళ్లు ఇంకో పక్క నడపండి. మధ్యలో కనీసం జానెడు దూరం ఉంచండి. ఎక్కడైనా ఒకదాన్ని ఒకటి దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. పక్కపక్కనే సాగితేనే ప్రమాదం. అడాప్టర్లున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన మిగిలిన మైకు కేబుల్ చుట్ట పెట్టకండి.

గిటారు పట్టుకుని కుర్చీలో అటూ ఇటూ తిరిగితే హమ్ పెరిగి తగ్గుతోందా? అది కేబుల్ కాదు. గిటారు తీగల కదలికని పట్టే సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోంది. కంప్యూటర్‌కీ అడాప్టర్లకీ దూరంగా జరిగి వాయించండి.

కదిలిస్తే పటపటమంటోంది

లూజ్ కాంటాక్ట్. కేబుల్ మార్చి చూడండి. కండెన్సర్ మైకు అయితే ఇది మరీ చిరాకు పెడుతుంది, ఎందుకంటే ఆ మైకు పనిచేయడానికి ఇంటర్‌ఫేస్ పంపే ఫాంటమ్ పవర్ 48 వోల్టులు వెళ్లేది కూడా మైకు కేబుల్ మూడు పిన్నుల మీదుగానే. ఒక్క సాల్డర్ వదులైనా పాటతో పాటు మైకుకి వెళ్లే కరెంటూ తెగి తెగి వస్తుంది. కేబుల్ పీకే ముందు ఫాంటమ్ ఆపి, స్పీకర్లు మ్యూట్ చేయండి.

మౌస్ కదిపితే స్పీకర్లలో కీచుమంటోంది, చార్జర్ తీస్తే పోతోంది

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. లక్షణం చూడగానే అందరూ చార్జర్ మీద పడతారు. చార్జర్ తీస్తే శబ్దం ఆగిపోతోంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. మోసమంతా అక్కడే ఉంది.

లాప్‌టాప్ చార్జర్‌కి ఎర్త్ ఉంది, స్పీకర్‌కీ ఎర్త్ ఉంది. రెండూ గోడలో ఒకే ఎర్త్‌కి వెళ్తాయి. మధ్యలో యూఎస్‌బీ, ఇంటర్‌ఫేస్, ఆడియో కేబుల్ షీల్డ్ (లోపలి వైర్ల చుట్టూ ఉండే లోహపు అల్లిక) కలిసి ఇంకో దారి వేస్తాయి. అలా ఒక చుట్టు తయారవుతుంది, అదే గ్రౌండ్ లూప్. కంప్యూటర్ లోపలి రొద చిన్న కరెంటుగా ఆ షీల్డ్ మీదుగా పారుతుంది. హెడ్‌ఫోన్స్‌కి ఎర్త్ లేదు కాబట్టి అందులో ఏమీ వినిపించదు.

అయితే గ్రౌండ్ లూప్ చాలా స్టూడియోల్లో ఉంటుంది, వినిపించదంతే. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో సంగీతం రెండు వైర్ల మీద వెళ్తుంది. స్పీకర్ ఆ రెండిటి మధ్య తేడానే తీసుకుంటుంది. షీల్డ్‌కి సంగీతంతో పనిలేదు కాబట్టి దాని మీద పారే కరెంటు పారుతూనే ఉంటుంది, చెవిన పడదు. అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో సంగీతం తిరిగి వచ్చే దారే షీల్డ్. అప్పుడు దాని మీదున్న చెత్తంతా పాటలో కలుస్తుంది. కాబట్టి చార్జర్‌ని వదిలి స్పీకర్ కేబుల్ చూడండి.

స్పీకర్ వెనక జాక్ బయటికి తీసి దాని మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు ఉంటే టీఆర్‌ఎస్, అంటే బ్యాలెన్స్‌డ్. ఒకటే ఉంటే టీఎస్, మామూలు గిటారు కేబుల్. రెండూ 6.35 మిల్లీమీటర్లే, ఒకే రంధ్రంలో పడతాయి, రెండిటితోనూ పాట వస్తుంది. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో టీఎస్ పెడితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కానీ వాల్యూమ్ కాస్త పెంచేసి మర్చిపోతారు. సర్దేటప్పుడు పొడవాటి కేబుల్ వేలాడుతోందని దాన్ని తీసేసి, డ్రాయర్‌లో దొరికిన పొట్టి కేబుల్ పెట్టారా? దొంగ దొరికినట్టే. రొద ఒక్క స్పీకర్‌లోనే ఉంటే ముందు ఆ పక్క కేబులే చూడండి.

"మాది రెండు గీతలదే" అంటారా? రెండో చివర కూడా చూడండి. మధ్యలో అడాప్టర్ ఉంటే అదీ చూడండి, మోనో (ఒకే గీత ఉన్న) అడాప్టర్ ఒక్కటి చాలు మొత్తం చెడగొట్టడానికి. మల్టీమీటర్ ఉంటే కేబుల్ రెండు చివరలూ పీకి, రింగ్ (రెండు గీతల మధ్య భాగం) నుంచి రింగ్‌కి బీప్ రావాలి, రింగ్‌కీ స్లీవ్‌కీ (ప్లగ్ మొదట్లోని పొడవాటి భాగం) మధ్య రాకూడదు.

పరిష్కారం: రెండు స్పీకర్లకీ టీఆర్‌ఎస్ నుంచి టీఆర్‌ఎస్, లేదా టీఆర్‌ఎస్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ప్లగ్) కేబుళ్లు వేయండి. ఎర్త్ లేని రెండు పిన్నుల చార్జర్ పెట్టినా రొద పోవచ్చు, కానీ ఎర్త్ ఉన్న డిస్‌ప్లే ఒకటి హెచ్‌డీఎంఐతో తగిలించగానే మళ్లీ వస్తుంది. స్పీకర్‌కి ఆర్‌సీఏ (అన్‌బ్యాలెన్స్‌డ్ సాకెట్) తప్ప వేరే ఇన్‌పుట్ లేకపోతే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపితే కొంత తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దు: రొద పోతుందని ప్లగ్ ఎర్త్ పిన్ విరిచేయడం. రొద పోవచ్చు, కానీ లోపల ఏదైనా షార్ట్ అయిన రోజు ఆ కరెంటు మైకు పట్టుకున్న మనిషి మీదుగా వెళ్తుంది. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్సులు (గిటారు లాంటి వాటిని మైకు ఇన్‌పుట్‌కి కలిపే పెట్టెలు) ఉన్నది ఇందుకే. అవి ఆడియో షీల్డ్‌ని తెంచుతాయి, కరెంటు ఎర్త్ జోలికి పోవు.

టీఎస్ కేబుళ్లని పారేయకండి. గిటారు నుంచి ఇంటర్‌ఫేస్‌కి అవే సరైనవి, అక్కడ టీఆర్‌ఎస్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. అలాగే హెడ్‌ఫోన్ అవుట్ నుంచి టీఆర్‌ఎస్‌తో బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లోకి వెళ్తే పాటలో గొంతు మాయమవుతుంది. ఎడమ, కుడి రెండిట్లో సమానంగా ఉన్నది రద్దయిపోతుంది. ఆ సమస్య వస్తే మైకుని అనుమానించకండి.

మిగతావి

ఫోన్‌ని కేబుళ్ల మీద పెట్టి ఉంటే తీసేయండి. లైటు డిమ్మర్ ఆపి చూడండి. టక్ టక్ మని తెగుతుంటే అది కేబుళ్ల సర్దుడు కాదు, ఆడియో సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్ సైజ్ పెంచండి, యూఎస్‌బీ హబ్ తీసేసి ఇంటర్‌ఫేస్‌ని నేరుగా కంప్యూటర్‌కి తగిలించండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. ఇంటి ఎర్తింగే పాడై ఉండటం అరుదు, అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మళ్లీ కట్టేటప్పుడు ప్లాస్టిక్ టై కాకుండా వెల్క్రో వాడండి, రేపు ఒక కేబుల్ తీయాలంటే కత్తెర వెతుక్కోనక్కర్లేదు. ప్రతి కేబుల్‌కీ రెండు చివరలా ఒకే నంబరు అతికించండి. టీఎస్ కేబుళ్లన్నిటికీ ప్లగ్ దగ్గర ఎర్ర టేపు చుట్టి, వాటిని వేరే డ్రాయర్‌లో పెట్టండి.